తీగె ఒక్కటే, బేరాలు నూరు

మిర్చి ధర నచ్చకపోతే వర్తకుడు టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టి, రసీదు జేబులో వేసుకుని, రేటు కోసం ఎదురు చూడవచ్చు. పసుపుకు, బెల్లానికి, కందులకు కూడా ఎంతో కొంత కాలం నిల్వ ఉండే గుణం ఉన్నది. నిల్వ ఉన్న చోట ధర ఎగిరినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. పాత సరకు బయటికి వస్తుంది, పొరుగు యార్డుల నుంచి లారీలు బయలుదేరతాయి, పది పదిహేను రోజుల్లో మార్కెట్ చల్లబడుతుంది. కరెంటు అలాంటి సరకు కాదు. బ్యాటరీలలో దాచగలిగినది కొద్ది గంటల పాటికే, అదీ మొత్తం వాడకంలో స్వల్పభాగమే. తయారైన క్షణంలోనే ఖర్చు కావాలి, ఖర్చయ్యే క్షణంలోనే తయారు కావాలి. ఆ క్షణానికి సరకు చాలకపోతే ధరకు ప్రభుత్వం గీసిన గీత తప్ప వేరే పై హద్దు ఉండదు.

ఇటువంటి సరకును కూరగాయల మాదిరిగా ఇంటింటికీ పోటీ మీద అమ్మే ఏర్పాటు కొన్ని దేశాల్లో పాతికేళ్లుగా నడుస్తున్నది. అందులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అందరికంటే దూరం వెళ్లింది. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడికి కొత్తగా వెళ్లినవారు ఇల్లు అద్దెకు తీసుకున్న రోజే ఎదుర్కొనే మొదటి బేరం ఇదే. ఇక్కడ మీటరు ఉంటే కరెంటు ఉన్నట్టే. అక్కడ మీటరు ఉన్నా, అమ్మే కంపెనీని ఇంటివారే ఎంచుకోవాలి. పదుల కొద్దీ కంపెనీలు, నూరుకు మించిన పథకాలు. పైగా ఒక్కొక్క పథకానికి ఒక్కొక్క తీరు లెక్క.

టెక్సాస్ శాసనసభ ఈ చట్టాన్ని 1999లో ఆమోదించింది. 2002 జనవరి 1 నుంచి చిల్లర పోటీ మొదలైంది. అదే 1999లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కోలను ఏర్పరచడం వర్తకులకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ విభజన పంపిణీ కంపెనీల దగ్గర ఆగింది, అక్కడ ఇంటి మీటరు దాకా వెళ్లింది. ఉత్పత్తిదారు వేరు, తీగెల కంపెనీ వేరు, బిల్లు పంపే చిల్లర కంపెనీ వేరు. డాలస్ వైపు తీగెలు ఆంకార్ కంపెనీవి, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్ వారివి. చిల్లర కంపెనీని ఎన్నిసార్లు మార్చినా ఈ తీగెలు మారవు, స్తంభాలు మారవు, మీటరూ మారదు. కరెంటు పోతే ఫోను చేయవలసింది తీగెల కంపెనీకే గాని బిల్లు పంపే కంపెనీకి కాదు. ఒకే వీధిలో పది ఇళ్లవారు పది కంపెనీల దగ్గర కొన్నా, చెట్టు విరిగి తీగె మీద పడితే పది ఇళ్లూ చీకటే.

రాష్ట్రమంతటా ఈ వెసులుబాటు ఉన్నదనుకోవడం కూడా పొరపాటు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో విద్యుత్ వ్యాపారం నగర పాలక సంస్థలదే. అక్కడ ఎంపిక లేదు. సహకార సంఘాల్లో చాలావాటి పరిధిలోనూ లేదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న ఫ్రిస్కోలో కొన్ని కాలనీలకు ఆంకార్ తీగెలు, కొన్నింటికి సహకార సంఘం తీగెలు. ఒక కాలనీలో ఉన్నవారు కంపెనీ కోసం రాత్రంతా లెక్కలు వేస్తుండగా, రోడ్డు దాటితే ఆ బెడదే ఉండదు.

నాణ్యతలో ఇసుమంతైనా తేడా లేని సరకును నూరు మంది అమ్ముతున్నారంటే, వారు అమ్మేది సరకు కాదు. ఇది వర్తకులకు ఒకరు విడమరిచి చెప్పవలసిన సంగతి కాదు. ఒకే గోదాములోని ఒకే రాశిని పది మంది దలారులు పది రేట్లకు చెప్పినప్పుడు, తేడా రాశిలో ఉండదు. చెల్లింపు వాయిదాలో, తూకం కోతలో, మాట తప్పితే నష్టం ఎవరిదన్న దానిలో ఉంటుంది. కరెంటులోనూ అంతే. ఇంటి యజమాని ఎంచుకునేది విద్యుచ్ఛక్తిని కాదు, ఒక కాగితాన్ని. రేపు టోకు ధర పెరిగితే ఆ పెరుగుదలను ఎవరు మోస్తారో చెప్పేది ఆ కాగితమే. రేటు చవకగా కనిపించిన ప్రతిచోటా ఆ బరువు ఎవరి మీదనో పెట్టబడి ఉంటుంది. అయితే ఇంటివారి మీద, లేదా మోయగల మూలధనం లేని కంపెనీ మీద.

ముందు చిన్న మాయ సంగతి. టెక్సాస్‌లో ప్రతి పథకానికీ ఒక వివరణ పత్రం ఇవ్వాలన్నది నిబంధన. అందులో నెలకు 500 యూనిట్లు, 1000 యూనిట్లు, 2000 యూనిట్లు వాడితే సగటున యూనిట్‌కు ఎంత పడుతుందో చూపాలి. రాష్ట్ర విద్యుత్ కమిషన్ నడిపే పోలిక పట్టికలో కూడా చాలాకాలంగా జనం చూసేది 1000 యూనిట్ల రేటునే. నియమం మంచిదే. కాని నియమం ఎక్కడ కొలుస్తుందో తెలిసిన అమ్మకందారు, సరిగ్గా అక్కడే తక్కెడ కింద వేలు పెడతాడు.

లెక్క ఇలా ఉంటుందనుకుందాం. యూనిట్ 16 సెంట్లు. నెలకు 1000 యూనిట్లు దాటగానే బిల్లులో 75 డాలర్లు తగ్గింపు. సరిగ్గా 1000 వాడినవారికి 160 డాలర్లలో 75 పోగా 85 డాలర్లు. అంటే పట్టికలో యూనిట్ ఎనిమిదిన్నర సెంట్లు. అందరికంటే పైన, అందరికంటే చవక. ఆ నెల పొదుపుగా 950 యూనిట్లే వాడిన ఇల్లాలికి తగ్గింపు లేదు. బిల్లు 152 డాలర్లు. యాభై యూనిట్లు తక్కువ వాడినందుకు 67 డాలర్లు ఎక్కువ. వేసవిలో ఏసీలు తిరిగి 2000 యూనిట్లయితే బిల్లు 245, అంటే పన్నెండుంపావు సెంట్లు. పట్టికలో కనబడిన ఎనిమిదిన్నర సెంట్లు ఏడాదిలో ఏ నెలకూ వర్తించకపోవచ్చు. 13 సెంట్లకు ఏ తగ్గింపూ లేని సాదా పథకం పట్టికలో ఎక్కడో కిందికి జారి ఉంటుంది. వసంతంలో, శరత్తులో వాడకం పడిపోయే ఇంటికి ఏడాది మొత్తం మీద ఆ సాదా పథకమే గిట్టుబాటు కావచ్చు.

రాత్రిళ్లు ఉచితం, వారాంతాలు ఉచితం అనే పథకాలు కూడా ఈ కోవలోవే. రాత్రి ఊరికే ఇచ్చినది పగటి రేటులో కలిపి ఉంటుంది. టెక్సాస్‌లో గాలిమరల ఉత్పత్తి రాత్రివేళ ఎక్కువగా ఉండే రోజులు చాలా ఉన్నాయి. టోకు ధర ఒక్కొక్కసారి సున్నా కిందికి కూడా పోతుంది. ఊరికే వచ్చిన సరకును ఊరికే ఇవ్వడంలో కంపెనీకి పోయేదేమీ లేదు. రాత్రిపూట మోటారుబండి ఛార్జింగ్ పెట్టుకునే ఇంటికి ఇది నిజంగానే లాభం. పగలు వృద్ధులు, పిల్లలు ఇంట్లో ఉండే కుటుంబానికి మాత్రం నష్టమే. కనుక ఏ పథకమైనా పాత బిల్లులు పన్నెండూ ముందు పెట్టుకుని, నెల నెలకూ ఆ ఇంటి యూనిట్ల మీద వేసి చూడాలి. సగటు మీద చూడకూడదు. పన్నెండు నెలల లెక్కకు పట్టేది పావుగంట. అయినా చేసేవారు తక్కువ.

అయితే ఇవన్నీ పదుల డాలర్ల తేడాలు. ఇల్లు గుల్లయ్యే తేడా వేరే చోట ఉన్నది. అది 2021 ఫిబ్రవరిలో బయటపడింది.

గ్రిడీ అనే కంపెనీ అప్పటికి కొన్నేళ్లుగా ఒక కొత్త బేరం నడుపుతున్నది. నెలకు 9 డాలర్ల 99 సెంట్లు రుసుము కడితే చాలు, టోకు మార్కెట్‌లో ఏ రేటు పలికితే ఆ రేటుకే ఇంటికి కరెంటు, మధ్యలో కంపెనీ లాభం లేదు. మామూలు రోజుల్లో ఇది అందరికంటే చవకే. నెలల తరబడి ఇరుగుపొరుగు వారికంటే తక్కువ బిల్లు కట్టిన ఖాతాదారులు ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవారు కూడా. వర్తకుల పరిభాషలో చెప్పాలంటే, వారు ఏడాది పొడుగునా రెడీ మార్కెట్‌లో కొనుగోలు చేస్తూ, ఒక్క బస్తాకు కూడా వాయిదా బేరం వేసుకోకుండా నడిచారు. సరకు ఆపి కొనే వీలు కూడా వారికి లేదు. నూనె ధర పెరిగితే పిండివంటలు మానుకోవచ్చు. గడ్డకట్టే చలిలో ఇంటి వేడి ఎవరు మానుకుంటారు?

ఆ ఫిబ్రవరి నడుమ టెక్సాస్‌ను అసాధారణమైన మంచు తుపాను పట్టుకున్నది. గ్యాస్ బావులు, గొట్టాలు గడ్డకట్టాయి, విద్యుత్ కేంద్రాలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. 15వ తేదీ తెల్లవారుజామున గ్రిడ్ నిర్వాహక సంస్థ కోతలు మొదలుపెట్టింది. ఒక దశలో కోత 20 వేల మెగావాట్లకు చేరింది. నలభై అయిదు లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకటిలో పడ్డాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారమే మరణాలు 246.

ధరల విషయంలో అప్పుడు జరిగినది ఏ మార్కెట్ పరిశీలకుడికైనా వింతే. సరకు లేక జనానికి కోతలు పెడుతుంటే, కోత పెట్టిన మేరకు గిరాకీ లెక్కలోంచి తగ్గి, టోకు ధర గరిష్ఠ హద్దు కంటే బాగా కింద పలికింది. యార్డు గేట్లు మూసి కొనుగోలుదారులను బయట నిలబెట్టి, లోపల గిరాకీ తగ్గినదని రేటు రాసినట్టన్నమాట. ఇది సరికాదని రాష్ట్ర కమిషన్ అదే రోజు ఆదేశం ఇచ్చి ధరను గరిష్ఠ హద్దులో నిలిపింది. ఆ హద్దు మెగావాట్ గంటకు 9000 డాలర్లు, అంటే యూనిట్ 9 డాలర్లు. మామూలు చిల్లర ధర అప్పట్లో పన్నెండు సెంట్ల ప్రాంతం. డెబ్భై అయిదు రెట్లు! కోతలు 17వ తేదీ అర్ధరాత్రికి ముగిసినా, ధర మాత్రం 19వ తేదీ ఉదయం దాకా ఆ హద్దులోనే ఉన్నది. ఆ అదనపు గంటల వల్ల 16 బిలియన్ డాలర్ల మేరకు ఎక్కువ వసూలు జరిగిందని మార్కెట్ పర్యవేక్షక సంస్థ మొదట లెక్క కట్టింది. తరువాత ఆ అంకెను తగ్గించింది. వివాదం కోర్టులకెక్కి, చివరకు 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీం కోర్టు కమిషన్‌కు ఆ అధికారం ఉన్నదనే తేల్చింది.

ఆ రోజుల్లో రోజుకు 40 యూనిట్లు వాడిన ఇంటికి గరిష్ఠ ధర మీద ఖర్చు 360 డాలర్లు. అదే నిలకడ ధర ఒప్పందం ఉన్న పొరుగింటికి అయిదు డాలర్ల లోపు. గ్రిడీ పద్ధతి ప్రకారం ఖాతాలో ముందు డబ్బు వేసి ఉంచాలి, అది తగ్గగానే కార్డు నుంచి దానంతటదే మళ్లీ జమ అవుతుంది. కనుక ఖాతాదారు తెలుసుకునేలోగానే డబ్బు పోయింది. వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. తుపానుకు ముందే కంపెనీ తన ఖాతాదారులందరినీ వేరే కంపెనీలకు మారిపొమ్మని కోరింది. దుకాణదారుడే గుమ్మంలో నిలబడి తన దగ్గర కొనవద్దని చెప్పడం వాణిజ్య చరిత్రలో అరుదు. కాని ఆ వారాంతంలో కొత్త ఖాతా తీసుకునే కంపెనీ దొరకడమే కష్టమైపోయింది. అందరూ అమ్మకానికి దిగిన రోజు కొనేవాడు ఉండడని వర్తకులు ఎరుగుదురు.

గ్రిడీకి అప్పటికి 29 వేల మంది ఖాతాదారులు. గ్రిడ్ సంస్థకు బకాయి పడినందున ఫిబ్రవరి 26న దాని మార్కెట్ హక్కు రద్దయింది, మార్చి 15న దివాలా పిటిషన్ వేసింది. ఖాతాదారులు చెల్లించని బాకీలు, సుమారు రెండు కోట్ల తొంభై లక్షల డాలర్లు, దివాలా ప్రక్రియలో మాఫీ అయ్యాయి. అప్పటికే కార్డు నుంచి చెల్లింపు జరిగిపోయినవారిది వేరే గతి. టోకు ధరను నేరుగా ఇంటికి అంటగట్టే పథకాలను టెక్సాస్ శాసనసభ అదే ఏడాది నిషేధించింది. టోకు గరిష్ఠ హద్దును 2022 జనవరి నుంచి 9000 డాలర్ల నుంచి 5000కు తగ్గించారు.

ఆ నిషేధం వ్యాపార స్వేచ్ఛకు అడ్డమని వాదించినవారు లేకపోలేదు. తెలిసి తెలిసి సాహసం చేసేవారిని ఎందుకు ఆపాలన్నది వారి ప్రశ్న. ఆ వాదన నిలవదు. వాయిదా మార్కెట్‌లో దిగే సట్టాదారుకు కూడా మార్జిన్ ఉన్నది, రోజువారీ లెక్క తీర్పు ఉన్నది, ధర ఎదురు తిరిగితే బేరం కోసుకుని బయటపడే దారి ఉన్నది. ఆ ఇంటివారికి ఇవేవీ లేవు. బేరం కోసుకోవడమంటే చలిలో కరెంటు ఆర్పుకోవడమే. అది సాహసం చేసే స్వేచ్ఛ కాదు, సాధనాలు ఇవ్వకుండా సట్టాలోకి తోయడం.

ఇక రెండవ రకం చవక, అంటే బరువు మోయలేని కంపెనీ ఇచ్చే చవక. ఇందుకు ఉదాహరణ బ్రిటన్. అక్కడ ఇళ్లకు విద్యుత్ పోటీ 1998-99లో వచ్చింది. తరువాతి కాలంలో చిన్న చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. లైసెన్సుకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. విద్యుత్ కేంద్రం అక్కరలేదు, తీగెలు అక్కరలేదు. ఒక కార్యాలయం, బిల్లులు వేసే కంప్యూటరు, పోలిక పట్టికలో పై వరుసలో నిలిచే రేటు ఉంటే చాలు. ఖాతాదారులు నెల నెలా సమానంగా కట్టే పద్ధతి వల్ల వేసవిలో జమ మిగులుతుంది; చలికాలంలో ఆ మిగులు ఖర్చవుతుంది. కొన్ని కంపెనీలు ఆ మిగులునే పెట్టుబడిగా తిప్పాయి. ఇతరుల బయానా సొమ్ముతో కొట్టు నడిపే వర్తకుడు ఎన్నాళ్లు నడుపుతాడో బజారులో అందరికీ తెలుసు. కాని ఆ కొట్టు పేరు పట్టికలో మొదటి వరుసలో ఉన్నప్పుడు ఇంటి యజమానికి తెలిసే దారి లేదు.

బ్రిటన్‌లో 2019 జనవరి 1 నుంచి సాధారణ పథకాలకు ప్రభుత్వ నియంత్రణ సంస్థ ధర పరిమితి పెట్టింది. 2021 వేసవి నుంచి గ్యాస్ టోకు ధర ఎగబాకింది. ముందుగా వాయిదా కొనుగోళ్లు వేసుకున్న పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. రెడీ మార్కెట్ మీద ఆధారపడ్డవి ఎక్కువ ధరకు కొని పరిమితి ధరకు అమ్మవలసి వచ్చి ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి. కొద్ది నెలల్లో 28 కంపెనీలు మూతపడ్డాయి. పదిహేను లక్షలకు పైగా ఖాతాలున్న బల్బ్ కంపెనీని 2021 నవంబరులో ప్రత్యేక పాలనాధికారికి అప్పగించారు. 2022 డిసెంబరులో ఆక్టోపస్ కంపెనీ దాన్ని తీసుకున్నది.

ఖాతాదారులకు కరెంటు ఆగలేదు. వారి జమలూ పోలేదు. మునిగిన కంపెనీ ఖాతాలను మరో కంపెనీకి అప్పగించే ఏర్పాటు అక్కడ ఉన్నది. కాని ఆ ఖర్చు ఎక్కడికి పోతుంది? దేశంలోని అన్ని ఇళ్ల బిల్లుల్లో కలిసింది. బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2022లో వేసిన లెక్క ప్రకారం 28 కంపెనీల పతనం ఖర్చు 270 కోట్ల పౌన్లు, ఇంటికి సగటున 94 పౌన్లు. చవక రేటుకు పోకుండా, పాత కంపెనీని అంటిపెట్టుకుని ఎక్కువ ధర కట్టిన వృద్ధురాలు కూడా ఈ 94లో వాటాదారే. ఏడాదికి మారుతూ వచ్చినవారి లాభంలో కొంత ఆమె చెల్లించినదే. పోటీని మెచ్చుకునేవారు ఈ పద్దును చిట్టాలో చూపరు.

ధర పరిమితి కూడా పూర్తి రక్షణ కాదని ఆ చలికాలాలే చూపించాయి. మామూలు ఇంటికి కరెంటు, గ్యాస్ కలిపి ఏడాది పరిమితి 2021 అక్టోబరులో 1277 పౌన్లు, 2022 ఏప్రిల్‌కు 1971, అక్టోబరుకు 3549. చివరి అంకెను జనం భరించలేరని ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు పెట్టి 2500 దగ్గర ఆపవలసి వచ్చింది. పరిమితి అన్నది టోకు ధరను కొంత ఆలస్యంగా ఇంటికి చేర్చే గొట్టం మాత్రమే. ధర ఎగరకముందే రెండేళ్ల నిలకడ ఒప్పందం, నిలబడగల కంపెనీ దగ్గర రాసుకున్న ఇల్లు ఆ కాలమంతా హాయిగా ఉన్నది. అదే రేటు, కాని కూలిపోయిన కంపెనీ దగ్గర రాసుకున్న ఇల్లు, మరో కంపెనీకి బదిలీ కాగానే పరిమితి ధరలోకి వచ్చిపడింది. కాగితం మీద రెండు ఒప్పందాలూ ఒకటే. కాగితం వెనుక ఉన్న సంతకం వేరు.

ఈ రంగంలో మధ్యవర్తుల పాత్ర గురించి బ్రోకర్లకు ఆసక్తి ఉంటుంది. పోలిక పట్టికలు నడిపే ప్రైవేటు సంస్థల్లో చాలావాటికి దలాలీ వచ్చేది అమ్మే కంపెనీ నుంచి. కొనేవారి దగ్గర పైసా తీసుకోరు. కనుక ఉచిత సలహా అని చెప్పుకుంటారు. దలాలీ ఇవ్వని కంపెనీ పథకం ఆ పట్టికలో పైన కనబడకపోతే ఆశ్చర్యపడనక్కర లేదు. టెక్సాస్‌లో విద్యుత్ బ్రోకర్లు కమిషన్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన 2019 నాటి చట్టంతో గాని రాలేదు. యార్డులో లైసెన్సు లేని దలారు గుమాస్తాగా కూడా నిలవలేడు. అక్కడ పదిహేడేళ్లు ఎవరైనా నిలిచారు.

టెక్సాస్‌లో కాపురమున్న కుటుంబానికి ఇప్పుడు ఉన్న పరిస్థితుల్లో తోవ అంత కష్టమైనదేమీ కాదు. ఏడాది లేదా రెండేళ్ల నిలకడ ధర, తగ్గింపుల మెలికలు లేని సాదా లెక్క, మార్కెట్‌లో ఏళ్ల తరబడి ఉన్న కంపెనీ. అందుకు యూనిట్‌కు ఒక సెంటు ఎక్కువైనా అది దండుగ కాదు, బీమా ప్రీమియం. మరచిపోకూడనిది గడువు. ఒప్పందం ముగిశాక కొత్తది రాసుకోకపోతే కంపెనీ నెలసరి మారే రేటులోకి మారుస్తుంది, అది సాధారణంగా అన్నిటికంటే ప్రియం. గడువుకు ముందు కంపెనీ మారితే జరిమానా ఉంటుంది గాని, చివరి పద్నాలుగు రోజుల్లో మారితే లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా లేదు. గడువు జూలై, ఆగస్టు మాసాల్లో పడేలా రాసుకోవడం మాత్రం తెలివి కాదు. ఏసీల గిరాకీ తారస్థాయిలో ఉన్నప్పుడు తిరగరాసే బేరం, పండుగ ముందు రోజు బెల్లం కొన్నట్టే ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటివారికి ఈ ఎంపిక లేదు. ఏ జిల్లాకు ఏ పంపిణీ కంపెనీయో అదే. అంతమాత్రాన ధర బరువు ఇంటి మీద పడటం లేదనుకోరాదు. పంపిణీ కంపెనీ ఎక్కువ ధరకు కొన్నది ట్రూ అప్ పేరుతో, సర్దుబాటు ఛార్జీల పేరుతో తరువాతి బిల్లుల్లో వస్తూనే ఉన్నది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టడం, అద్దె ఇల్లు మారినవారు ముందున్నవారి పద్దు కట్టడం ఇక్కడి ప్రత్యేకత. టెక్సాస్‌లో బరువు ఎవరిదో కాగితం మీద ముందు ఉంటుంది. ఇక్కడ వెనుక తెలుస్తుంది. పవర్ ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర 2022 మార్చి చివరలో 20 రూపాయలకు చేరగా, కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏప్రిల్‌లో 12 రూపాయల హద్దు పెట్టి, 2023 ఏప్రిల్‌లో దానిని 10కి తగ్గించవలసి వచ్చింది. ఆ 20 రూపాయలు అప్పుడు నేరుగా ఇళ్లకు చేరకపోవడానికి కారణం మధ్యలో పంపిణీ కంపెనీ నష్టం మోయడమే.

ఒకే ప్రాంతంలో ఒకటికి మించి కంపెనీలు ఒకే తీగెల మీద అమ్మేందుకు వీలిచ్చే సవరణ బిల్లును కేంద్రం 2022 ఆగస్టు 8న లోక్‌సభలో పెట్టింది. అది స్థాయీ సంఘానికి వెళ్లి ఆ సభ కాలంతో మురిగిపోయింది. 2025 అక్టోబరులో అదే దారిలో మరో ముసాయిదాను అభిప్రాయాల కోసం వెలువరించింది. ఇలాంటి పోటీ దేశంలో ముంబయిలో ముందే ఉన్నది. సుప్రీం కోర్టు 2008 తీర్పు తరువాత, 2009 నుంచి శివారు ప్రాంతాల వాడకందారులు రిలయన్స్ తీగెల మీదనే టాటా కరెంటుకు మారే వీలు కలిగింది. ఆ తీగెల వ్యాపారం 2018లో అదానీ చేతికి వచ్చింది. మొదట్లో తేడా బాగా కనిపించి జనం పెద్ద సంఖ్యలో మారారు. 2011లో కమిషన్ మారినవారి మీద క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి వేసింది. టాటా రేట్లూ పెరిగాయి. కొందరు తిరిగి పాత కంపెనీకే వెళ్లారు.

తెలుగు రాష్ట్రాల్లో కొట్లు, శీతల గిడ్డంగులు, మిల్లులు కట్టే రేటులో వ్యవసాయానికి, తక్కువ వాడకం ఇళ్లకు ఇచ్చే రాయితీ కొంత కలిసి ఉన్నది. పోటీ వస్తే కొత్త కంపెనీలు మొదట వచ్చేది ఈ ఖాతాల కోసమే. వీరు వెళ్లిపోతే ఆ రాయితీ భారం మిగిలిన ఇళ్ల మీదనో ఖజానా మీదనో పడాలి, లేదా ముంబయిలో వలె సర్‌ఛార్జి రూపంలో వెళ్లినవారి వెంటే రావాలి. ఆ పద్దు ఎవరి ఖాతాలో రాస్తారో తేలనంత వరకు, పోటీ వల్ల రేటు ఇంత తగ్గుతుందని చెప్పే అంకెలను నమ్మి గిడ్డంగి అద్దెలు, మిల్లు ఖర్చులు ఇప్పటి నుంచే లెక్క కట్టడం తొందరపాటే అవుతుంది.